టైరులో వేసిన పసుపు

పసుపు గురించి నాకు ఒకరు చెప్పేదేమిటి అనుకునేదాన్ని. తొర్రూరు బజారులో మా కిరాణా దుకాణానికి పసుపుతోనే పేరు. పెళ్లికి మూట కట్టించాలన్నా, పురిటి స్నానానికి పావుకిలో కావాలన్నా జనం మా మెట్లే ఎక్కేవారు. కొమ్మును గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది ఏ రకమో, ఎన్నాళ్ల సరుకో చెప్పేసేదాన్ని. లక్ష్మీకాంతమ్మ నోటికి జడిసే ఆ దుకాణంలోకి కల్తీ రాదని బజారంతా అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు రెండు ముద్దలు ఎక్కువ దిగేవి. సకల జనుల సమ్మె జరిగిన ఏడు, ఆ నోటితోనే నా మనవరాలికి ఎంత చేటు చేశానో చెప్తాను.

మా శ్రీధర్ కూతురు అలేఖ్యకు అప్పుడు ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాదు దాకా తిప్పాం. కంటి నరమే ఎదగలేదు, ఇక తిప్పకండి అన్నారు. అప్పటి నుంచి నేనూ, కోడలు ప్రసూనా ఆ పిల్లను కింద పెట్టకుండా పెంచాం. అన్నం నేనే కలిపి నోట్లో పెట్టేదాన్ని. నీళ్లు నేనే తాగించేదాన్ని. దుకాణం వెనకే ఇల్లు కావడంతో ఎటు తిరిగినా మిరపకాయ బస్తాలు, నూనె డబ్బాలు, తూకం రాళ్లు, ఎలుకల బోన్లు. పిల్ల చెయ్యి చాపితే చాలు, ముట్టొద్దు అని ముగ్గురం ఒకేసారి అరిచేవాళ్లం. విని విని చివరికి చేతులు చాపడమే మానేసింది. రెండు పిడికిళ్లూ బిగించి ఒళ్లో పెట్టుకుని, కూర్చోబెట్టిన చోటే కూర్చునేది. ఎంత నెమ్మదైన పిల్ల అని వచ్చినవాళ్లు మెచ్చుకుంటే నేను మురిసిపోయేదాన్ని. నా తెలివి అట్లా తెల్లారింది.

ఆ జూన్‌లో సర్కారు బడి ఆవరణలో ఒక గది తెరిచారు. నడవలేని పిల్లలు, చూపు లేని పిల్లలు, మాట రాని పిల్లలు మొత్తం ఏడుగురు. వాళ్లకు సుమన అని ఒక కాంట్రాక్టు టీచరు. మానుకోట నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండాలో పుట్టి హాస్టళ్లలో పెరిగి చదువుకున్న పిల్ల. మా ఇంటికి నాలుగుసార్లు వచ్చింది, అలేఖ్యను పంపమని. బజారులో అందరూ చూస్తారని శ్రీధర్ ఒప్పుకోలేదు. నాలుగోసారి వచ్చినప్పుడు ఆమె అలేఖ్య పిడికిలిని తన అరచేతిలో పెట్టుకుని మాట్లాడింది.

"అన్నా, గీ పిల్లలకు చేతులే కండ్లు. చుక్కల అక్షరాలు వేళ్లతోనే చదవాలె. పిడికిలి తెరువకపోతే నేనేం నేర్పాలె, ఎట్ల నేర్పాలె?"

శ్రీధర్ కాసేపు ఆలోచించి, సరే, దసరా దాకా చూస్తానన్నాడు. అప్పటికీ చేతులు ముడుచుకునే ఉంటే ఆ కూర్చునేదేదో ఇంట్లోనే కూర్చుంటుంది, బడి మానిపిస్తానని అప్పుడే చెప్పేశాడు. మా వాడు మాట అంటే అన్నట్టే. వాడి తాత పోలిక.

ఆ గది ముందున్న ఖాళీ జాగాలో సుమన తోట వేయించింది. తోటంటే మనం అనుకునే తోట కాదు. లారీలవాళ్లను బతిమాలి పాత టైర్లు తెప్పించి, నడుమెత్తు వచ్చేలా ఒకదాని మీద ఒకటి పేర్పించి, ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపి నింపించింది. వంగలేని పిల్లలు కూడా నిలబడే మట్టి ముట్టుకోవాలని. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడి కోసం విరిగిన బల్లకు అంచులు కొట్టించి మట్టి పోయించింది. కుర్చీ నేరుగా కిందికి దూరేది, మోకాళ్లు తగలకుండా. టైర్ల పక్కన పిల్లల చేతి ఎత్తులో కొబ్బరి తాడు కట్టింది. తాడుకు ఒక ముడి తగిలితే పక్కన పుదీనా ఉన్నట్టు. రెండు ముళ్లయితే మరువం. మూడైతే వామాకు. నాలుగైతే అత్తిపత్తి. దారికి ఒక సగం కంకర, ఒక సగం ఇసుక. ఎటు పోతున్నామో కాళ్లకే తెలిసేది.

నా పిల్లకు నీళ్లెవరు తాగిస్తారని నేనూ రోజూ వెంట వెళ్లి వరండాలో కూర్చునేదాన్ని. అవసరం లేదు అమ్మా అని సుమన మర్యాదగా చెప్పి చూసింది. మర్యాదగా చెబితే వినే రకం కాదు నేను.

మొదటి పదిహేను రోజులూ అలేఖ్య పిడికిలి తెరవలేదు. మణికట్టుతోనే తాడును రాసుకుంటూ నడిచేది. పుదీనా ఆకు ముక్కు దగ్గర పెడితే వాసన చూసేది కానీ చేత్తో పట్టుకునేది కాదు. ఆమెను ఆ గండం దాటించింది నేనూ కాదు, టీచరూ కాదు. ఆ చక్రాల కుర్చీ పిల్లవాడు, ప్రేమ్‌సింగ్. బడి ఆయా నీలి కొడుకు. పక్క తండా నుంచి నీలి వాణ్ని రోజూ తోసుకుంటూ వచ్చేది. ఒకరోజు వాడు నాలుగు ముళ్ల దగ్గర అలేఖ్యను ఆపి, దీన్ని ముట్టుకుంటే ఆకులు ముడుచుకుంటాయని చెప్పాడు.

"నీ లెక్కనే ముడుసుకుంటది. జరసేపు ఆగితే మల్ల తెరుసుకుంటది. సూడు."

నాకు ఒళ్లు మండింది. కసరబోయేలోపు అలేఖ్య ఒక వేలు చాపింది. ఆకు ముడుచుకుంది. వేలు తీసి, మళ్లీ తెరుచుకునే దాకా అక్కడే నిలబడింది. ఎంతసేపని చెప్పను, నా కాళ్లు లాగాయి. మళ్లీ ముట్టుకుంది. ఆ వారంలోనే పది వేళ్లూ మట్టిలోకి దిగాయి. ఇంటికొచ్చాక గోళ్ల సందుల్లో మన్ను కడుగుతూ ప్రసూన ఏడ్చింది. అది దుఃఖమో సంతోషమో నేను అడగలేదు.

శ్రావణంలో ఒక్కో పిల్లకు ఒక్కో టైరు ఇచ్చారు. నీకిష్టమైంది వేసుకో, నువ్వే చూసుకో అన్నారు. అలేఖ్య ఏం వేయాలని నన్నడిగింది. అడగనే అక్కర్లేదు, పసుపు అన్నాను. ముట్టుకుంటే ఆకు కూడా వాసన వేస్తుందట, మన దుకాణానికి పేరు తెచ్చింది, ఆడపిల్లకు శుభం. శుక్రవారం నాడు మా గోనెసంచిలోంచి ఏరి ఏరి అయిదు కొమ్ములు తీశాను. వేలు లావు, రాయిలాగా గట్టివి, విరిస్తే ఖంగుమనేవి. కుంకుమ బొట్టు పెట్టి తీసుకెళ్లాను. ఆ రోజు సుమన మండలాఫీసులో మీటింగుకు పోయింది. నీలి నా చేతిలో కొమ్ములు చూసి చీపురు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

"సావుకారమ్మా, గీ కొమ్ములు..."

"నలభై ఏండ్ల సంది పసుపు అమ్ముతున్న. నువ్వు చెప్తవా నాకు?"

నీలి తల దించుకుని నీళ్లు తేవడానికి వెళ్లిపోయింది. నేను అలేఖ్య వేళ్లు పట్టుకుని ఒక్కో కొమ్మునూ మట్టిలోకి గుచ్చించాను. అయిదూ తన చేత్తోనే పెట్టింది. ఎప్పుడు మొలుస్తుంది అని అడిగితే ఇరవై రోజులన్నాను, ఎక్కడో విన్న లెక్క.

రోజూ బడికి పోగానే తన టైరు దగ్గరికి నడిచేది. అరచెయ్యి పరిచి, మట్టి మీద మెల్లగా అటూ ఇటూ ఆనించి చూసేది. ఇరవై రోజులైంది, ముప్పై అయింది. ప్రేమ్‌సింగ్ వేసిన బంతి జానెడు లేచింది. మాట రాని పిల్ల ఒకతి వేసిన గోంగూర కోతకొచ్చింది. నా మనవరాలి టైరులో మాత్రం ఉత్త మన్నే. పసుపు బద్ధకం బిడ్డా, లేటుగా లేస్తది అని చెప్పాను. అబద్ధమని నాకు తెలియదు. నిజమనీ తెలియదు.

సెప్టెంబరులో సమ్మె మొదలైంది. ఆఫీసులు మూశారు, బొగ్గు ఆగింది, కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది. బస్సులు కూడా ఆగిపోవడంతో సుమన మానుకోటలోనే చిక్కుకుంది. బడికి తాళం పడింది. మా షట్టరు సగం దించే ఉండేది, బందు రోజున పూర్తిగా. సమ్మెవాళ్లు రోడ్డు మీద చేసే వంటావార్పుకు బియ్యం, పప్పు మా దుకాణం నుంచే పంపాం. తెలంగాణ రావాలని మాకు మాత్రం లేదా. ఆ సగం షట్టరు వెనక చీకట్లో అలేఖ్య పాత చోటులో కూర్చుని, నా టైరుకు నీళ్లెవరు పోస్తరు నానమ్మా అని గంటకోసారి అడిగేది. రెండు రోజులు విన్నాను. మూడో రోజు చెయ్యి పట్టుకుని సమ్మె శిబిరానికి తీసుకెళ్లాను.

బస్టాండు ముందు టెంటులో బడి పెద్దసారు రిలే దీక్షలో కూర్చున్నాడు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. మొక్కలకు నీళ్లు పోయాలి, ఓ గంట తియ్యండి సారూ అన్నాను. ఆయన మంచివాడే. కానీ బడి తాళం తీస్తే సమ్మె సడలిందని ప్రచారం చేస్తారని, పక్క మండలంలో అట్లాగే గొడవైందని, తన చేతిలో లేదని చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అవునన్నారు. కొన్ని మొక్కలు పోతే పోయాయి, రాష్ట్రం వస్తే పెద్ద తోటే వేసుకోవచ్చని ఒకాయన అన్నాడు. నాకు పోట్లాడటం కొత్త కాదు కానీ ఆ రోజు ఎందుకో గొంతు పెద్దగా లేవలేదు.

"మీ తెలంగాణల గీ ఏడుగురు పిల్లలు లేరా సారూ?"

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు మా పక్క బట్టల దుకాణం ఉమేష్ లేచాడు. వ్యాపారుల తరఫున ఆ రోజు వాడు దీక్షలో ఉన్నాడు. తాళం తీయొద్దనే కదా మన తీర్మానం, తాళం ముట్టుకునేదే లేదు అంటూ నలుగురిని వెంటబెట్టుకుని బడికి బయలుదేరాడు. వెనక పెద్ద గేటు పక్కన గొలుసుతో తాళం వేసిన చిన్న గేటొకటి ఉంది. నలుగురూ దాన్ని పట్టుకుని కొక్కేల మీంచి పైకెత్తి, అట్లాగే గోడకు ఆనించారు. గొలుసు గొలుసుగానే ఉంది, తాళం తాళంగానే ఉంది. లోపల పాఠం చెప్పొద్దు, నీళ్లు పోసుకోవచ్చు అని పెద్దసారు షరతు పెట్టాడు. సాయంత్రం మళ్లీ గేటు ఎత్తి కొక్కేలకు తగిలించేవారు. సమ్మె అయ్యేదాకా అదొక డ్యూటీ అయింది శిబిరంవాళ్లకు.

రోజూ పొద్దున నీలి ప్రేమ్‌సింగ్‌ను తోసుకుంటూ వచ్చేది, నేను అలేఖ్యను తీసుకుని వెళ్లేదాన్ని. మిగిలిన అయిదుగురివీ దూరపు ఊళ్లు, బస్సులు లేక రాలేకపోయారు. వాళ్ల టైర్లకు కూడా ఈ ఇద్దరే నీళ్లు పోసేవారు. మధ్యాహ్నం సుమన నా ఫోనుకు చేసేది. ఈ రోజు మరువం ఎట్లుంది, వామాకు మెత్తగుందా గట్టిపడిందా అని ఒక్కోటి అడిగేది. అలేఖ్య ఫోను చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో ఆకు నలుపుతూ జవాబు చెప్పేది. పసుపు మాట వస్తే మాత్రం, రాలేదు టీచర్ అని ఊరుకునేది.

పెత్రమాస అమావాస్య వెళ్లి బతుకమ్మ మొదలైన రోజుల్లో ఒక పొద్దున అలేఖ్య లేవలేదు. బడికి పోదాం పా అంటే రానంది. ఎందుకంటే చెప్పదు. బుజ్జగించాను, కోప్పడ్డాను, జామకాయ కొనిస్తానన్నాను. గోడకు ఆనుకుని కూర్చుంది, పిడికిళ్లు రెండూ ఒళ్లో. చెయ్యి పట్టి తెరవబోతే ఇంకా బిగించింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. శ్రీధర్ చూసి నిట్టూర్చాడు.

"చూసినవా అమ్మా, మల్ల మొదటికొచ్చింది. దసరా దాక ఎందుకింక."

ఆ పూట నాకు అన్నం సహించలేదు. పసుపు మొలవనందుకే ఇదంతా అని మాత్రం తెలుస్తోంది. ఒక్కదాన్నే బడికి వెళ్లాను. నీలి టైర్లకు నీళ్లు పోస్తోంది. నలభై ఏళ్లుగా ఎవరినీ అడగని మాట ఆమెను అడిగాను. పసుపు ఎందుకు రాలేదే అని.

నీలి చెంబు కింద పెట్టింది. పెళ్లయిన కొత్తలో మెట్‌పల్లి దిక్కు కూలికి పోయేవాళ్లమని, నాలుగేళ్లు పసుపు తవ్వానని చెప్పింది.

"తవ్వినంక పెద్ద పెద్ద కొప్పెరలల్ల ఏసి ఉడకవెడ్తరు సావుకారమ్మా. పదిపదిహేను దినాలు ఎండవోస్తరు, మెరుగు వెడ్తరు. గప్పుడు మీ దుకాణానికి వస్తయి. ఉడికిన కొమ్ము ఏడన్న మొలుస్తదా?"

"మరి ఆనాడే చెప్పకపోయినవా?"

"చెప్పవోయిన గదా."

అంతే అంది. ముఖంలో ఎగతాళి లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. ఇన్నేళ్లూ నేను చూసిన పసుపు అంతా మూటల్లో వచ్చిందే. చేలో పసుపు ఎట్లా ఉంటుందో, మా గడప ఎక్కేలోపు దానికి ఏమేం జరుగుతుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. రాయిలాగా ఉందని మురిసి, ఉడికిపోయిన కొమ్మునే ఏరి ఏరి పిల్ల చేతిలో పెట్టాను.

అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రాలేదు. తండాలో ఎవరింట్లోనైనా పచ్చి పసుపు చెట్టుందా అని నీలిని అడిగాను. దేవ్యా ఇంటి వెనక, నీళ్లు పారే చోట నాలుగు దుబ్బులున్నాయట. ఒకటి తవ్వుకురమ్మన్నాను. టైరులో పాతి, మొలిచిందని చెప్దామన్నాను. నీలికి ఇష్టం లేకపోయింది. పిల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్తే పోతుంది కదా అంది. ఎనిమిదేళ్ల పిల్ల ముందు నేను తప్పు చేశానని ఎట్లా చెప్పుకోను అనుకున్నాను నేను. చెప్పింది చెయ్యమన్నాను.

మర్నాడు జానెడు ఆకులున్న దుబ్బును టైరు మధ్యలో పాతి నీళ్లు పోసింది నీలి. నేను ఇంటికి పరుగెత్తినట్టే వెళ్లి, మొలిచింది బిడ్డా, నీ పసుపు మొలిచింది అన్నాను. అలేఖ్య ఒక్క ఉదుటున లేచింది. దారి పొడవునా నా కొంగు పట్టుకుని లాగింది. కంకర దాటి, ఇసుక దాటి, తాడు వెంట వేళ్లు జారుస్తూ తన టైరు దగ్గరికి చేరింది. ఆకు దొరికింది. రెండు చేతులతో పట్టుకుని కింది నుంచి కొస దాకా తడిమింది. నలిపి వాసన చూసింది. నవ్వింది కూడా. ప్రేమ్‌సింగ్ కుర్చీలోంచి చూస్తున్నాడు. నీలి అటు తిరిగి నిలబడింది.

తర్వాత అలేఖ్య వేళ్లు ఆకు మొదట్లోకి దిగాయి. మట్టిలో కొంచెం అటు, కొంచెం ఇటు కదిలాయి. నవ్వు ఆగిపోయింది. పక్కన మట్టి తీసి వేళ్ల మధ్య నలిపింది, దుబ్బు చుట్టూ ఉన్న మట్టి తీసి నలిపింది.

"నానమ్మా, గీ మన్ను వేరే. మనది గరుకుగుంటది. గిది జిగటగుంది."

ఆమె టైరు అంచు వైపు, నెలన్నర కింద తాను కొమ్ము పెట్టిన చోటే తవ్వింది. ఆ చోటు ఆ వేళ్లకు తెలుసు. నాని నల్లబడిన కొమ్మును పైకి తీసి, మట్టి దులిపి, నా చెయ్యి వెతికి అందులో పెట్టింది. మెత్తగా ఉంది, పాచి వాసన వేస్తోంది. మొలక ఆనవాలు లేదు.

ఇంక ఏ అబద్ధమూ మిగల్లేదు నా దగ్గర. అక్కడే, ఆ ఇసుకలోనే కూలబడ్డాను.

"నేను పెట్టిచ్చింది ఉడికిన పసుపు బిడ్డా. ఉడికింది మొలవదట. నాకు తెల్వదు. నీలి చెప్పవోతే నోరు మూపిచ్చిన. ఈ చెట్టు ఇయ్యాల పొద్దుగాల తెచ్చి పెట్టినం. తప్పు నాది."

అలేఖ్య నా గొంతు వైపు ముఖం తిప్పింది. కోపమొస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"అయితే నా చేతి తోని కాదా?"

"ఏంది బిడ్డా?"

"నా చెయ్యి మంచిది కాదు గద. అందుకే మొలవలేదనుకున్న."

ఎవరన్నారు ఆ మాట అని లేచాను. ఆ అన్నవాళ్ల నాలుక కోసేంత కోపమొచ్చింది.

"నువ్వే. పొద్దుగాల బోణీ కానిదే నన్ను గల్ల దిక్కు రానియ్యవు గద."

ఈ సంగతి ఇంతవరకు మీకు చెప్పలేదు. చెప్పకుండానే గడిచిపోతుందేమోనని చూశాను. మా ఇళ్లలో పొద్దున్నే మొదటి బేరం మంచి చేతి మీదుగా కావాలంటారు. మా అత్తగారి నుంచి నేను నేర్చింది. అలేఖ్య పుట్టిన దగ్గర నుంచీ, బోణీ అయ్యేదాకా ఆ పిల్లను దుకాణంలోకి తేవొద్దని ప్రసూనకు ఖచ్చితంగా చెప్పి ఉంచాను. పిల్లను తిట్టింది లేదు, కొట్టింది లేదు. లోపలికి తీసుకుపో అని మెల్లగానే అనేదాన్ని. చూపు లేని పిల్లకు ఇదేం తెలుస్తుందిలే అనుకున్నాను. పొద్దున్నే తనను ఎందుకు లోపలికి తీసుకుపోతున్నారో ఆ గోడ వెనక కూర్చుని ఆలోచించి ఆలోచించి, తనకు తానే ఒక జవాబు చెప్పుకుంది. దాన్నే తీసుకొచ్చి ఈ టైరుకు కూడా తగిలించింది. కొమ్ములు అయిదూ తన చేత్తోనే పెట్టింది కదా మరి.

ముద్దలు కలిపి పెట్టిన ప్రేమంతా ఏమైంది, ఇదా ఆ పిల్లకు మిగిలింది అనిపించింది. నీ చెయ్యి బంగారం బిడ్డా, చెడ్డది నా బుద్ధే అన్నాను. ఆ మాటలు ఆమెకు ఎంతవరకు పట్టాయో తెలియదు. మాటలు ఎన్నైనా అంటాం. ఆమె నా చేతిలోని కొమ్ము తీసుకుని దూరంగా విసిరింది. మిగిలిన నాలుగూ వెతికి తీసి విసిరింది. దేవ్యా వాళ్ల చెట్టు దేవ్యా వాళ్లకే ఇచ్చెయ్యమంది.

మళ్లీ ఏం వేయాలని నన్నడగలేదు. నీలిని అడిగింది. పసుపుకు వచ్చే ఏడు మిర్గం వానలు పడేదాకా ఆగాలని, ఇప్పటికి మెంతులు వేసుకోమని నీలి చెప్పింది. మా దుకాణం నుంచే దోసెడు మెంతులు తెచ్చాను. అలేఖ్య అందులో నాలుగు గింజలు నీలి చేతిలో పోసి, ఇవి ఉడికినవేమో చూడమంది. నీలి నా ముఖం చూడకుండా ఒక గింజ కొరికి, కావు, మంచివే అంది. ప్రేమ్‌సింగ్ పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపుతో పాటు.

మెంతులకు ఎంతసేపు. నాలుగో రోజుకు టైరంతా మొలకలు. అలేఖ్య అరచెయ్యి వాటి మీద ఆనించీ ఆనించనట్టు తిప్పుతూ గుచ్చుకుంటున్నాయని నవ్వింది. దసరా రోజు అందరూ జమ్మి ఆకు చేతుల్లో పెట్టి మొక్కుతుంటే, ఆమె వాళ్ల నాయన చెయ్యి పట్టుకుని నాలుగు మెంతి మొలకలు పెట్టింది. ఇది నేనే ఏసిన నాయినా అంది. శ్రీధర్ ఆ మొలకలు కింద పడకుండా చెయ్యి ముడుచుకుని చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. గడువు మాట మళ్లీ ఎత్తలేదు.

అక్టోబరు చివర్లో సమ్మె ముగిసింది. రాష్ట్రం అప్పుడే రాలేదు, ఇంకా మూడేళ్లు పట్టింది. బస్సులు తిరిగాయి. సుమన వచ్చి గేటు కథ విని కడుపుబ్బ నవ్వింది. ఆ వారమే అలేఖ్య వేళ్ల కింద చుక్కల కాగితం పెట్టింది.

మేము షట్టరు పూర్తిగా ఎత్తిన రోజు పొద్దున్నే అలేఖ్యకు తలస్నానం చేయించి, చెయ్యి పట్టుకుని దుకాణంలోకి తీసుకొచ్చాను. ప్రసూన గుమ్మంలో ఆగిపోయింది. గల్లాపెట్టె వెనక నా కుర్చీలో కూర్చోబెట్టాను. మొదటి బేరానికి ఒక ముసలాయన వచ్చి పావుకిలో బెల్లం అడిగాడు. నేను తూచి ఇచ్చాను. డబ్బులు పిల్ల చేతికియ్యి తాతా అన్నాను. నోటు అందుకుని, ఇప్పుడేం చెయ్యాలె నానమ్మా అని అడిగింది అలేఖ్య.

"కండ్లకద్దుకోవాలె బిడ్డా."

అద్దుకుంది.

ఆ రోజు బేరం ఎట్లా సాగిందని అడుగుతారు మీరు. సమ్మెలో ఎవరికీ జీతాలు రాలేదు, పండుగ దాటిపోయింది, జనం చేతుల్లో చిల్లిగవ్వ లేదు. పొద్దుగూకేదాకా ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. నా నలభై ఏళ్లలో అంత చెడ్డ బేరం లేదు. మర్నాడు పొద్దున మళ్లీ ఆ పిల్లనే కూర్చోబెట్టాను.